తోక మీద కూచున్న విమానం

"రంగు ఎంతసేపట్లో ఆరుతుందో నాకు చెబుతారా మేడమ్? మొన్ననేగా మా ఇంటికంతా వేయించింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్, సీలు తీసిన తలుపుని కాలితో తోస్తూ.

భూతద్దానికి ఒళ్ళు మండింది. ఒక మనిషి ప్రాణం పోయిన గది తలుపు చేత్తో తీస్తే ఈయన సొమ్మేం పోతుంది? ఆ మాట నోటిదాకా వచ్చింది గాని మింగేసింది. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా పదయింది. మూడింటికి ఈ మహానుభావుడు ఒక అమాయకుణ్ణి కోర్టులో నిలబెట్టబోతున్నాడు. పోట్లాటకి తర్వాతైనా తీరిక దొరుకుతుంది.

ఆవిడ అసలు పేరు స్టేషన్లో ఎవరూ పలకరు. ఇన్సూరెన్స్ కంపెనీలో పాతికేళ్ళు తగలబడిన గోడౌన్లు చూసి, ఏది తనంతట తాను కాలిందో, ఏది ఎవరో కాలిస్తే కాలిందో తేల్చే ఉద్యోగం చేసింది. ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. సంచిలో భూతద్దం లేనిదే గడప దాటదు గనక పోలీసులు ఆ పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనుకునేవారు. ఇప్పుడు ఎదురుగానే పిలుస్తున్నారు, ఆవిడా పలుకుతోంది.

సంగతి ఇదీ. ఈ మేడగదిలో సోమవారం సాయంత్రం ఒక పాత మెకానిక్ శవమై కనిపించాడు. విమానాలు నడపడం నేర్పే బడిలో ముప్పై ఏళ్ళు విమానాలు బాగుచేసి, ఉద్యోగం పోయాక ఇంట్లో కూచుని బుల్లి విమానాలు కడుతున్నవాడు. సామాను బిగించి పట్టడానికి బల్ల అంచుకి అమర్చిన ఇనుప వైస్ తల వెనక తగిలి చచ్చిపోయాడు. ఎవరో తోస్తే పడ్డాడు, అందులో అనుమానం లేదు. ముందు చూసింది తమ్ముడు. అతను ప్రింటింగ్ ప్రెస్సులో డ్యూటీ దిగి నాలుగూ ఇరవైకి ఇంటికొచ్చాడు, మేడెక్కాడు, అన్నని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాడు. అతని చొక్కా చేతికి ఎర్రరంగు అంటుకుంది. అదే కొంప ముంచింది.

చావు మధ్యాహ్నం పన్నెండుకీ సాయంత్రం అయిదుకీ మధ్య అన్నాడు డాక్టరు. ఇన్‌స్పెక్టర్ అయిదూ పదిహేనుకి వచ్చి బల్ల మీద ఉన్న మోడల్ విమానం తోకని వేలితో ముట్టుకున్నాడు. వేలికి ఎరుపంటింది. రంగు ఇంకా తడిగా ఉందంటే మెకానిక్ నాలుగు దాటాక కూడా బతికే ఉండి రంగు వేస్తున్నాడు, ఆ సమయంలో ఇంట్లో ఉన్నది తమ్ముడొక్కడే, ఇంకేం కావాలి అని తేల్చేశాడు. మేడంతా బొమ్మలతో నింపేశాడని అన్నదమ్ములు అప్పుడప్పుడు మాటలనుకునేవారని పక్కింటివాళ్ళు చెప్పారు. హత్యకి కారణం కూడా దొరికిపోయింది. అంతే, మూడు రోజులుగా విచారణ అనే పేరుతో ఆ మనిషిని స్టేషన్ బెంచీ మీద కూచోబెట్టాడు. అరెస్టు కాగితం రాయలేదు, ఇంటికీ పంపలేదు. ఏ చట్టంలో ఉందండీ ఇది అని భూతద్దం నిన్ననే అడిగింది. ఆయన పేపరు చదువుకుంటూ కూచున్నాడు.

"ఆ వస్తువుల జాబితా ఒకసారి చదవండి," అంది భూతద్దం.

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా కాగితం తీశాడు. రంగు చల్లే ఎయిర్‌బ్రష్ ఒకటి, రంగు డబ్బాలు ఇరవై రెండు, పట్టకార్లు ఆరు, సన్న ఆకురాళ్ళు నాలుగు, ప్లాస్టిక్ చెంచాలు పద్నాలుగు.

"ఆ చెంచాలు ఎందుకున్నాయనుకున్నారు?"

"ఎందుకేమిటి, తినడానికి. ఇక్కడే తిని ఇక్కడే పడుండేవాడుగా."

"ఎర్రరంగు పూసుకున్న చెంచాతో తిన్నాడా?"

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించాడు. భూతద్దం కానిస్టేబుల్ చేత చెంచాల సంచీ తెప్పించి, ఆయన ఎదురుగానే బల్ల మీద పరిపించింది. మోడల్స్ కట్టేవాళ్ళకి ఈ చెంచాలు ప్రాణం. కొత్తగా కలిపిన రంగుని నెలల తరబడి కట్టిన విమానం మీద మొదటిసారే ఎవరూ చల్లరు. ముందు ఒక ప్లాస్టిక్ చెంచా వీపు మీద చల్లి, జారుతోందా, పొక్కుతోందా, మెరుపు బాగుందా చూసుకుంటారు. సరిగ్గా ఉందనుకుంటే అదే కలుపుతో అప్పటికప్పుడు విమానం మీదికి వెళతారు. ఈ మెకానిక్ ముప్పై ఏళ్ళు లాగ్‌బుక్కులు రాసిన మనిషి, చెంచా కాడ మీద కూడా రాసుకునేవాడు. గోరంత చోటులో రోజు, గంట, ఏ రంగులో ఎంత థిన్నర్ అన్నీ ఉన్నాయి. ఈ పద్నాలుగు చెంచాల్నీ పోలీసులు మూడు రోజులుగా ఎంగిలి చెంచాలనుకుని సంచిలో పారేశారు.

ఎర్ర చెంచా కాడ మీద పెన్సిలుతో ఉన్నది ఆవిడ చదవలేదు. భూతద్దం ఇన్‌స్పెక్టర్ చేతికి తన అద్దం ఇచ్చి ఆయన చేతే చదివించింది.

"ఎరుపు ఎనామెల్, థిన్నర్ సగానికి సగం. సోమవారం, పన్నెండూ అయిదు." ఇన్‌స్పెక్టర్ చెంచాని తిప్పి చూశాడు. "అయితే? పన్నెండుకి చెంచా మీద వేశాడు, నాలుగింటికి విమానం మీద వేశాడు."

"కలిపిన రంగుని కప్పులో నాలుగు గంటలు వదిలేసి కూచునే మనిషైతే అలాగే చేసేవాడు. ఎయిర్‌బ్రష్ చూడండి. ఒక్కో రంగుకీ ఒక్కోసారి విప్పి, సూదితో సహా కడిగి పెట్టేవాడని ఆయన భార్య చెప్పింది. ఇందులో రంగు అలాగే గడ్డ కట్టుకుపోయింది. కడగడానికి ఆయన లేడు. ఇప్పుడు మోడల్ చూడండి. తోక ఎరుపైంది, ఎడమ రెక్క కొస ఎరుపైంది. కుడి రెక్కకి టేపు అంటించి ఉంది, రంగు పడలేదు. ఈ మొత్తం పనికి పావుగంట కూడా పట్టదు. పన్నెండూ ఇరవై దాటి ఆయన బతికి లేడు. అప్పుడు తమ్ముడెక్కడున్నాడు?"

ప్రెస్సులో, అని ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోక తప్పలేదు. పొద్దున ఎనిమిదికి హాజరు మిషన్ మీద వేలు పెట్టి లోపలికెళ్ళాడు, నాలుగింటికి వేలు పెట్టి బయటికొచ్చాడు. మధ్యలో భోజనం కూడా పదిమంది మధ్య చేశాడు. అయినా ఒప్పుకుంటే తన పరువేం కావాలి? పన్నెండింటి రంగు అయిదింటిదాకా తడిగా ఎలా ఉంటుందని మళ్ళీ మొదటికొచ్చాడు.

భూతద్దం సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీసింది. అందులో ఇంకో ఎర్ర చెంచా ఉంది. మోడల్స్ సామాను అమ్మే షాపాయన దగ్గర మూడు రోజులుగా కూచుని, ఆయన ప్రాణం తోడేసి నేర్చుకున్న చదువు ఇది. మీ ఇంటి గోడలకి వేసింది నీళ్ళ రంగు, గంటలో ఆరుతుంది, ఇది నూనె రంగు, అందులోనూ మెరుపు ఎరుపు, ఆరడానికి ఒక పూటంతా తింటుంది అని చెప్పి, చెంచాని ఆయన ముందు పెట్టింది. అదే రంగు, అదే సగానికి సగం. పొద్దున ఎనిమిదీ అయిదుకి షాపాయన ఎదురుగా చల్లించి, కాగితం మీద ఆయన చేత సంతకం కూడా పెట్టించింది.

"ఇప్పుడు ఒంటిగంటా పదిహేను. అయిదు గంటల పది నిమిషాలైంది. సోమవారం మీరు వేలు పెట్టేసరికీ సరిగ్గా అంతే అయింది. నొక్కండి."

ఇన్‌స్పెక్టర్ బొటనవేలితో నొక్కాడు. వేలు తీస్తే ఎర్రగా ఉంది. కానిస్టేబుల్ అటు తిరిగి దగ్గాడు.

అప్పుడు భూతద్దం కోపం కట్టలు తెంచుకుంది. గొంతు మాత్రం పెంచలేదు. "మూడు రోజులండీ. సొంత అన్నకి కొరివి పెట్టడానికి కూడా ఆ మనిషిని గంటసేపే వదిలి, మళ్ళీ తీసుకొచ్చి కూచోబెట్టారు. మీకు రంగు సంగతి తెలుసన్న ధీమాతో. ఒక్క డబ్బా మీద చీటీ చదివి ఉంటే సరిపోయేది, అందులో రాసే ఉంది."

ఆఖరికి ఆయన ఫోన్ తీసి స్టేషన్‌కి కలిపాడు. అతన్ని వదిలేయమని ఎస్సైకి చెప్పాడు. అటునుంచి ఏదో చెబితే విని, ఆయన మొహం కాస్త తేటపడింది. విమానాల బడి యజమాని, అందరూ కెప్టెన్ అని పిలిచే పెద్దమనిషి, పొద్దున్నుంచీ స్టేషన్ దగ్గరే కాచుకుని ఉన్నాడట. పాత పనివాడి తమ్ముడు గదా, వదిలితే నా కారులో నేనే ఇంటి దగ్గర దింపుతానన్నాడట. సరే దింపమనండి అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఒంటిగంటా ఇరవై అయిదు.

వింటున్న భూతద్దానికి కూడా ఆ క్షణంలో మనసు తేలికపడింది. ఈ లోకంలో ఒక్కడైనా మనిషిలా ప్రవర్తించేవాడు ఉన్నాడనుకుంది. ఆ మాట తలచుకుని ఆ తర్వాత తనని తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

"ఇక చంపినవాడు ఎవడో మీరే చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెటకారంగా, వేలు రుమాలుకి తుడుచుకుంటూ. ఎనామెల్ రుమాలుతో పోదు. రుమాలు కూడా పాడైంది.

ఆవిడ ఆయన మాట వినిపించుకోకుండా మోడల్ ముందు కూచుంది. రెక్కలు చాచితే మూరెడుంది విమానం. అద్దంలా ఉన్న ప్లాస్టిక్ పెట్టె దాని మీద బోర్లించి ఉంది. పోలీసులు పెట్టె కదపకుండా దానిమీదే చీటీ అంటించి పోయారు. తోక ముట్టుకోవడానికి ఒక్కసారి ఎత్తాను, మళ్ళీ పెట్టేశాను అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆవిడ పెట్టెని రెండు చేతులా మెల్లగా ఎత్తి పక్కన పెట్టింది.

చూసేకొద్దీ ఆవిడ నొసలు ముడిపడింది. విమానం తోక మీద కూచుని ఉంది. ముక్కు కింది చక్రం గాల్లో ఉంది. తోక అడుగు పీటకి ఆనిన చోట ఎర్రగా మరక పడింది.

ఇది మూడు చక్రాల విమానం. అసలు దానిలో ఇంజను ముందుంటుంది గనక బరువు ముందుకే ఉంటుంది. ప్లాస్టిక్ ముక్కులో ఇంజను ఉండదు. అందుకని కట్టేటప్పుడే ముక్కులో సీసమో ఇనుమో ఏదో బరువు పెట్టి మూస్తారు. మర్చిపోతే ఇదిగో, ఇలా తోక నేలకి ఆని కూలబడుతుంది. మొదటి మోడల్ కట్టేవాళ్ళు ఒక్కసారి ఈ తప్పు చేస్తారు, ఇక జన్మలో చేయరు. అలాంటిది ముప్పై ఏళ్ళు అసలు విమానాల్నే తూకం వేసిన మనిషి చేస్తాడా? పైగా మరక పడిందంటే రంగు తడిగా ఉన్నప్పుడే కూలబడింది. రంగు వేసేదాకా ముక్కులో బరువుంది, వేశాక లేదు.

ఆవిడ అద్దం కంటికి ఆనించి, పైలట్ కూచునే కాక్‌పిట్ మూత చూసింది. అది తేటగా ఉండాల్సిన ప్లాస్టిక్. పొగ పట్టినట్టు తెల్లగా మసకబారి ఉంది. ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది.

"మీ మనుషులు దీన్ని దుమ్మనుకున్నారు కదూ?" అంది. "ఇది సూపర్ గ్లూ ఆవిరి. మోడల్స్ కట్టేవాడెవడూ ఈ మూతకి సూపర్ గ్లూ వాడడు. ఇలా మసకబారుతుందని తెలుసు. తెల్లబంకే వాడతాడు. ఎవరో మూతని పెరికి, లోపల్నుంచి ఏదో తీసుకుని, చేతికందిన గ్లూతో గబగబా అంటించి, పైన పెట్టె బోర్లించి పోయారు. ఆవిరి బయటికి పోవడానికి దారి లేక లోపలే పట్టుకుంది. ఇలా చూడండి, ఎక్కడ ఎక్కువ పట్టుకుందో."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. మసక మధ్యలో తెల్లని గీతలు, సుడి తిరిగి, స్పష్టంగా ఉన్నాయి. పోలీసు లాబ్‌లో వేలిముద్రలు తేల్చడానికి ఇదే గ్లూని వేడి చేసి ఆవిరి పట్టిస్తారు. ఆ పనిని చంపినవాడు తన వేలికి తానే చేసిపెట్టి పోయాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఆవిడ పట్టకారుతో మూత ఎత్తింది. లోపల ముందు పలక విరిగి ఉంది, దాని వెనక ముక్కు బోలుగా ఉంది. బరువు కదలకుండా కూరిన పుట్టీ ఇంకా గోడలకి అంటుకుని ఉంది. ఆ పుట్టీలో పొడుగాటి గుంట, గుంట నిండా మరచుట్ల అచ్చు. ముక్కులో ఉన్నది సీసం కాదు. ఒక బోల్టు, అదీ సగానికి విరిగిన బోల్టు.

కింద ఉన్న మెకానిక్ భార్యని పిలిపించారు. మందుల షాపులో పనిచేస్తుంది ఆవిడ. పొద్దున తొమ్మిదిన్నరకి వెళితే అయిదున్నరకి గాని ఇల్లు చేరదు, అందువల్ల సోమవారం ఇంట్లో లేదు. మరిదిని వదిలేశారన్న మాట విని కళ్ళు తుడుచుకుంటూనే వచ్చింది. బోల్టు మాట ఎత్తగానే కుర్చీ లాక్కుని కూచుని, జరిగిందంతా చెప్పుకొచ్చింది.

రెండేళ్ళ క్రితం విమానాల బడిలో ఒక విమానం రెక్క విరిగి కూలిపోయింది. నేర్చుకుంటున్న పిల్ల చచ్చిపోయింది. బోల్టు సరిగ్గా బిగించలేదని నెపం మెకానిక్ మీద వేసి, ఉద్యోగం తీసేశారు. బిగించడంలో తప్పు లేదు, బోల్టే నకిలీది, తక్కువలో వస్తుందని కెప్టెన్ తెప్పించాడు అని ఆయన ఎంత మొత్తుకున్నా విన్నవాడు లేడు. వచ్చే సోమవారం ఆ ప్రమాదం మీద మళ్ళీ విచారణ ఉంది. రెక్క ఎక్కడ ఎలా విరిగిందో అక్కడ చూపించడానికే ఈ మోడల్ కట్టాడు.

"విరిగిన ముక్క మా మరిదికే దొరికిందమ్మా, ఆ పొలంలో. అన్నదమ్ములిద్దరూ కలిసే దాన్ని ముక్కులో పెట్టి మూశారు. దాని తల మీద ఏ గుర్తులున్నాయో, ఎక్కడ దొరికిందో, ఆ పిల్లాడొక్కడే చెప్పగలడు ఇప్పుడు," అందావిడ. నలభై ఏళ్ళ మరిది ఆవిడకి ఇప్పటికీ పిల్లాడే.

ఈ ప్లాస్టిక్ పెట్టె ఎప్పుడొచ్చిందని భూతద్దం అడిగింది. ఆవిడ పెట్టెని వింతగా చూసింది. తను వెళ్ళేటప్పుడు ఇది లేదంది. రంగు తడి మీద దుమ్ము పడకుండా కప్పడానికి ఏదైనా ఇవ్వమని ఆయన అడిగితే, చెప్పుల అట్టపెట్టె ఒకటి ఖాళీ చేసి, లోపల తుడిచి మరీ ఇచ్చింది. బల్ల కింద అట్టపెట్టె అలాగే ఉంది. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"కెప్టెన్ ఆదివారమే డ్రైవరు చేత పంపించానని చెప్పాడే. పాత అభిమానం కొద్దీ బహుమానంగా."

"ఆదివారమే వచ్చి ఉంటే సోమవారం పొద్దున ఈయన చెప్పుల పెట్టె ఎందుకడుగుతాడండీ? సోమవారం మధ్యాహ్నం ఈ పెట్టె పట్టుకుని వచ్చినవాడే బోల్టు పట్టుకుపోయాడు. ఈ ముక్కులోనే ఉంది నీ బోల్టు అని ఈయన కెప్టెన్ మొహం మీదే చెప్పి ఉంటాడు, అంత కడుపుమంట మరి."

చెబుతూ చెబుతూ భూతద్దం ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఆవిడ మొహం చూసి గడియారం చూసుకున్నాడు. బోల్టు పోయింది, దాన్ని దాచినవాడు పోయాడు. దాన్ని చూసిన తమ్ముడొక్కడే మిగిలాడు. అతన్ని కాపాడుతూ వచ్చింది ఆ స్టేషన్ బెంచీయే. అక్కణ్ణుంచి లేవదీసి కెప్టెన్ కారెక్కించింది వీళ్ళిద్దరే, ఒకరు వాదించి, ఒకరు ఫోన్ చేసి. టైము రెండూ అయిదు. స్టేషన్ నుంచి ఇంటికి పది నిమిషాల దారి.

అంతలో మెకానిక్ భార్య చేతిలో ఫోన్ మోగింది. మరిదే, అంటూ ఆవిడ సంతోషంగా స్పీకర్ పెట్టింది.

"వదినా, ఇంకో అరగంటలో వచ్చేస్తా. కెప్టెన్ గారు విమానాల మైదానానికి తీసుకొచ్చారు. పైనుంచి మన మేడ చూపిస్తారట. అన్నయ్య బిగించిన వాటిలో ఒక్కసారీ ఎక్కలేదు కదా నేను." వెనకాల ఇంజను చప్పుడు. అతను నవ్వుతున్నాడు, మూడు రోజుల తర్వాత.

భూతద్దం ఫోన్ లాక్కుంది. దిగిపో, ఇప్పుడే దిగిపో అంది. వినపడట్లేదు వదినా అన్నాడు అతను, లైను తెగింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే తన ఫోన్లో మైదానం వాళ్ళ మీద అరుస్తున్నాడు. ఆపండి, లేవనివ్వకండి అంటున్నవాడు ఉన్నట్టుండి మాట మానేసి విన్నాడు. ఎంతమంది ఎక్కారని అడిగాడు. ఇంకేదో అడిగాడు. ఫోన్ మెల్లగా దించాడు.

"లేచి నిమిషమైందట. ఇద్దరే," అన్నాడు, ఎవరివంకా చూడకుండా. "కెప్టెన్ పొద్దున్నే ఫోన్ చేసి, పక్క మనిషి కూచునే కుడివైపు తలుపు ఊడదీయించి ఉంచమన్నాడట. ఫొటోలు తీయాలని చెప్పాడట. ఎక్కేటప్పుడు ఇద్దరి దగ్గరా కెమెరా లేదట."